తాళంచెవి

రేపు జయపురం వెళ్తున్నావు కదా, తవిటినాయుడూ,
కొత్త ఆసుపత్రి, కొత్త కాంట్రాక్టు,
సంచిలో ల్యాప్‌టాప్, జేబులో ఆఫీసువాళ్లిచ్చిన
ముప్పై రోజుల ప్రణాళిక.
కూర్చో. టీ చల్లారితే చల్లారనీ.
గునుపురం సంగతి చెప్తాను,
రిపోర్టులో రాసినట్టు కాదు, జరిగినట్టు.

మే ముప్పై ఒకటి, సాయంత్రం ఏడు.
పాత కాంట్రాక్టరు మనిషి ఎరువుల సంచి ఒకటి
బల్ల మీద బోర్లించాడు.
నూట పద్నాలుగు తాళంచెవులు.
సగానికి బిళ్లల్లేవు,
ఉన్నవాటి మీద ఒడియా అంకెలు, చెమటకి చెరిగి.
అన్నీ ఉన్నాయి సార్, అన్నాడు. బస్సు టైమైంది, అన్నాడు.
సంతకం పెట్టాను,
సంచి బరువు చూసి.

మొదటి తప్పు అదే అనుకుంటావు.
కాదు. అసలుది నెల ముందే
విశాఖలో, ఏసీ గదిలో జరిగిపోయింది.
అరవై రెండు పేర్ల జాబితా.
కొటేషన్లో యాభై నాలుగు.
ఎనిమిది పేర్లు కొట్టేయాలి, అంతే లెక్క.
సునామణి మెలక, వయసు యాభై ఎనిమిది, చదువు లేదు.
ఎర్ర గీత.
ఆ చేత్తోనే సమోసా అందుకున్నాను.

రాత్రి మూడింటికి వంశధార అవతల నుంచి వాన దిగింది.
కరెంటు పోయింది.
కాగితం మీద జనరేటర్లు రెండు.
అబద్ధం కాదు, రెండూ ఉన్నాయి,
ఒకదానికి బ్యాటరీ లేదు.
నాలుగింటికి ప్రసూతి వార్డులో పైపు పగిలింది.
మంచాల కింద చెప్పులు తేలుతున్నాయి,
ఒక బాలింత బిడ్డని గుండెకెత్తుకుని
కాళ్లు పైకి ముడుచుకుని
నన్నే చూస్తోంది.
వాల్వు పంపుహౌసులో ఉందన్నారు.
పంపుహౌసుకి తాళం.
ఫోను పళ్లతో పట్టుకుని ఆ వెలుతురులో
ఒక్కొక్క చెవీ తిప్పాను.
డెబ్బై మూడు దాకా వచ్చాను.

ఐదింటికి ఆమె వచ్చింది,
తలమీద ఎరువుల గోనె ముసుగు, చేతిలో అంబలి డబ్బా,
పద్దెనిమిదేళ్లుగా వస్తున్నట్టే.
రావద్దని ఎవరూ చెప్పలేదు మరి.
అది కూడా నా పనే, నా జాబితాలోని పనే.
నన్ను పక్కకి జరగమంది.
బొడ్లోంచి తీసింది,
నూట పదిహేనో చెవి.
వాల్వుని మూడు చుట్లు తిప్పింది,
మళ్లీ సగం వెనక్కి.
ఆ సగం ఏ మాన్యువల్లోనూ లేదు.
నీళ్లు ఆగాయి.

తొమ్మిదికి యూనిఫాంలు దిగాయి, అన్నీ ఒకే కొలత.
చొక్కాల్లో మనుషుల్ని వెతుక్కున్నాం.
హాజరు యంత్రం వేలు పెట్టమంది.
ఏళ్ల తరబడి ఫినాయిల్లో నానిన వేళ్లు,
గీతలరిగిన వేళ్లు.
మళ్లీ ప్రయత్నించండి, అంది యంత్రం.
మళ్లీ.
గోడకి నేనంటించిన ఇంగ్లీషు చార్టు కింద
ఒడియా వచ్చినవాళ్లూ, ఏ చదువూ రానివాళ్లూ
మర్యాదగా వరస కట్టారు.
వరస చివర ఆమె.
ఆమె వేలికి యంత్రం వేరే మాట చెప్పింది.

మో నాఁ కాహిఁ, అని అడిగింది నన్ను.
నా పేరేదీ, అని.
కోపం లేదు గొంతులో.
తడిసిన కొంగు పిండుకుంటోంది.

ఫోన్లు చేశాను, మెయిళ్లు రాశాను.
యాభై ఐదో పేరుకి మూడు వారాలు పట్టింది.
ఆ మూడు వారాల కూలీ ఎవరిచ్చారని అడక్కు.

నువ్వు మాత్రం పదిహేను రోజులు ముందే వెళ్లు.
మేనేజరు గదికి కాదు. తెల్లారి ఐదింటికి
వెనక గేటు దగ్గర నిలబడు.
అంబలి పెడితే తాగు.
జాబితా సంచిలోంచి తియ్యకు, ఇంకా కొన్నాళ్లు.
మన భాషలో తాళానిక్కూడా చెవి ఉందిరా,
నాకే లేకపోయింది.

మిగిలిన ఏడుగురా?
ఒకడు బ్రహ్మపురంలో తాపీపనికి పోయాడని విన్నాను.
మిగతావాళ్లకి ఏమేం తెలుసో
అడగనే లేదు కదా.
మూడో అంతస్తు చివర ఒక గది,
నూట పద్నాలుగూ పెట్టి చూశాం,
ఇప్పటికీ తెరుచుకోలేదు.